ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారో ముందు చెప్పండి

(చెవిలో పుట్టే విద్యుత్ స్పందనల రికార్డింగు గురించి ఆడియాలజీ, ఈఎన్‌టీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక బెంచీల వాళ్లు చెయ్యెత్తండి. వినిపించట్లేదా? ఇప్పుడు? ఆఁ, వినిపిస్తోంది. చూశారుగా, నా గొంతు పెరగలేదు. మైకును ఓ జానెడు దగ్గరకు జరిపాను, అంతే. ఈ పూట నేను చెప్పాల్సింది మీరు అప్పుడే చూసేశారు. ఇక నేను ఇంటికి పోవచ్చు. (నవ్వులు)

పిలిచిన పాపానికి కొంచెం వివరంగా చెబుతాను. ఒక పిల్లితో మొదలుపెడదాం.

1930లో అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో ఎర్నెస్ట్ వీవర్, చార్లెస్ బ్రే అనే ఇద్దరు పరిశోధకులు ఒక పిల్లి వినికిడి నరం మీద ఎలక్ట్రోడ్ పెట్టారు. దాని తీగను యాంప్లిఫైయర్‌కు, అక్కడి నుంచి వేరే గదిలో ఉన్న టెలిఫోన్ రిసీవర్‌కు కలిపారు. ఒకాయన పిల్లి చెవి దగ్గర మాట్లాడితే, అవతలి గదిలో రెండో ఆయనకు రిసీవర్లో ఆ మాటలు అర్థమయ్యేంత స్పష్టంగా వినిపించాయి. పిల్లి చెవి మైకులా పనిచేసింది. ఇప్పుడు ఊహించుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ రిసీవర్ చెవికి ఆనించుకున్న ఆయనకు ఎలా ఉండి ఉంటుందో!

వాళ్లేమనుకున్నారంటే, శబ్దం ఎలా ఉందో అలాగే నరం దాన్ని మెదడుకు మోసుకుపోతోందని. తప్పు పట్టడానికేముంది? ఎలక్ట్రోడ్ నరం మీద ఉంది, కాబట్టి వచ్చింది కూడా నరం నుంచే అనిపిస్తుంది ఎవరికైనా. కానీ ఒక నరపు పోగు ఒకసారి స్పందించాక తేరుకోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. అలాంటిది వేల హెర్ట్జ్ కంపనాలను అంత నున్నగా ఎలా అనుసరిస్తుంది? ఇంగ్లండులో ఎడ్గార్ ఏడ్రియన్ ఆ మరుసటి ఏడాదే, ఇది నరం పని కాకపోవచ్చు, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియానే మైక్రోఫోన్‌లా పనిచేస్తోందేమో అన్నాడు. తర్వాత్తర్వాత తేలిందేమిటంటే, వాళ్లు విన్నదాంట్లో రెండూ కలిసి ఉన్నాయి. నరం కరెంటు కొంత ఉంది. దాంతోపాటు కాక్లియాలో శబ్దాన్ని అందుకునే రోమకణాల్లో పుట్టిన వోల్టేజీ చుట్టూ ఉన్న ద్రవాల్లోంచి, కణజాలంలోంచి పాకి నరం దాకా వచ్చింది. ఎలక్ట్రోడ్ పాపం ఏం చేస్తుంది, తన దగ్గరకు వచ్చిందంతా పట్టింది.

అంటే మన రంగం పుట్టుకలోనే ఈ తికమక ఉంది. ఎలక్ట్రోడ్ పెట్టిన చోటు వేరు, కరెంటు పుట్టిన చోటు వేరు.

ఇక పాత్రలను పరిచయం చేస్తాను. శబ్దం తగిలినప్పుడు చెవి నుంచి ముఖ్యంగా మూడు స్పందనలు వస్తాయి. మొదటిది కాక్లియర్ మైక్రోఫోనిక్, పొట్టిగా సీఎం. ఇది ఎక్కువగా బయటి రోమకణాల్లో పుట్టి, శబ్దం అల ఎలా ఊగితే అలా ఊగుతుంది. రెండోది సమ్మేటింగ్ పొటెన్షియల్, ఎస్పీ. శబ్దం ఉన్నంతసేపూ గీత కాస్త పైకో కిందికో జరిగి అక్కడే కూర్చుంటుంది. మూడోది యాక్షన్ పొటెన్షియల్, ఏపీ. శబ్దం మొదలైన క్షణంలో వేల నరపు పోగులు ఒక్కసారిగా స్పందిస్తే వచ్చే అల. దాని మొదటి శిఖరం ఎన్1. సీఎం, ఎస్పీ, ఏపీ అని బోర్డు మీద వరసగా రాస్తే పొద్దున్నే పేపరు తెరిచినట్టుంటుంది. (నవ్వులు) ఏం చేస్తాం, పేర్లు మనం పెట్టలేదు.

ఈ మూడింటినీ రికార్డు చేసే పరీక్షను ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ అంటాం, వాడుకలో ఈకాగ్. ఇక మీరందరూ రోజూ చేసే బెరా ఉంది కదా, శబ్దానికి వినికిడి నరం, మెదడు కాండం ఇచ్చే స్పందనను తల మీది ఎలక్ట్రోడ్లతో తీసే పరీక్ష, 1971లో జ్యువెట్, విల్లిస్టన్ వివరంగా రాసిన అలలు, ఒకటి నుంచి ఐదు, ఆ పైన కూడా. ఆ బెరాలో మొదటి అల, ఈకాగ్‌లో ఎన్1 ఒకటే. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు ఉన్నట్టు. పెద్ద క్లిక్, అంటే టిక్కుమనే పొట్టి శబ్దం, ఇస్తే మామూలు చెవిలో రెండూ దాదాపు 1.5 మిల్లీసెకన్ల దగ్గరే వస్తాయి. ఎలక్ట్రోడ్ జరిపితే ఆ సమయం పెద్దగా మారదు. మారేది ఎత్తు. ఒక్కోసారి ఆకారం కూడా.

ఎందుకు మారుతుంది? ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఇది అర్థమైతే మిగతాది పెద్ద కష్టం కాదు.

ఒక చోట వోల్టేజీ ఎంత అని అడగడంలో అర్థం లేదు. ఎక్కడికీ ఎక్కడికీ మధ్య ఎంత అని అడగాలి. మన యాంప్లిఫైయర్‌కు రెండు ద్వారాలుంటాయి, ఒక గ్రౌండ్ ఉంటుంది. ఒక ద్వారం నుంచి వచ్చినదాంట్లోంచి రెండోదాన్ని తీసేసి, మిగిలినదాన్ని పెంచి చూపిస్తుంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడ్డారు, ఎత్తులో తేడా చూస్తున్నాం అనుకోండి. ఇద్దరూ ఒకే బల్ల ఎక్కితే తేడా మారదు. ఒక్కడే ఎక్కితే మారుతుంది. కరెంటు లైన్ల నుంచి వచ్చే రొద రెండు ఎలక్ట్రోడ్లకూ ఒకేలా తగులుతుంది కాబట్టి తీసివేతలో పోతుంది. ఇద్దరూ బల్ల ఎక్కినట్టు. చెవి సిగ్నల్ ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ తగులుతుంది కాబట్టి నిలుస్తుంది.

చర్మం బాగా శుభ్రం చేసి ఇంపీడెన్స్, అంటే కరెంటుకు తగిలే అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపు ఉంచమని, ఎలక్ట్రోడ్ల మధ్య తేడా 2 దాటనివ్వొద్దని మిమ్మల్ని సతాయించేది ఇందుకే. ఒకటి 2, ఇంకోటి 12 ఉంటే రొద రెండు ద్వారాలకూ ఒకేలా చేరదు. తీసివేత కుదరదు. మీరు గంటసేపు కూర్చున్నా గీత నున్నబడదు. అప్పుడు మెషీన్‌ను తిడతారు.

ఇంకో మాట. మనం ఒక ఎలక్ట్రోడ్‌ను యాక్టివ్ అంటాం, ఇంకోదాన్ని రిఫరెన్స్ అంటాం. ఈ రిఫరెన్స్ అనే మాట నాకు నచ్చదు. అదేదో ఓ మూల నోరు మూసుకుని కూర్చుందని భ్రమ కలిగిస్తుంది. తల మీద నోరు మూసుకునే చోటంటూ లేదు. బెరాలో మాడు మీద ఒకటి, చెవి తమ్మె మీద ఒకటి పెడతాం. చాలామంది మాడు ఎలక్ట్రోడే అన్నీ పడుతోందనుకుంటారు. నిజానికి మొదటి అలలో పెద్ద వాటా చెవి దగ్గర ఉన్న ఎలక్ట్రోడ్‌ది. ఐదో అలలో పెద్ద వాటా మాడుది. ఇద్దరూ చెరో పని చేస్తున్నారు, జీతం మాత్రం ఒక్కరి పేరు మీదే రాస్తున్నాం.

నమ్మకం లేకపోతే చేసి చూడండి. మాడు ఎలక్ట్రోడ్ తీసి, ఈ చెవి నుంచి ఆ చెవికి అడ్డంగా రికార్డు చేయండి. మొదటి అల నిటారుగా లేస్తుంది, ఐదో అల కుంచించుకుపోతుంది. ఇప్పుడు చెవి దగ్గరి ఎలక్ట్రోడ్‌ను మెడ వెనక్కు మార్చి, మాడు నుంచి మెడకు రికార్డు చేయండి. ఐదో అల పెరుగుతుంది, మొదటిది చిన్నబోతుంది. అదే చెవి, అదే క్లిక్, అదే మనిషి, అయిదు నిమిషాల తేడా. మరి ఐదో అల ఎత్తును మొదటి అల ఎత్తుతో పోల్చి ఏదైనా రాసేటప్పుడు, ఏ అమరికలో తీశామో చెప్పకపోతే దానికి విలువేముంది?

సరే, ఇప్పుడు దగ్గరకు వెళ్దాం. బయటి నుంచి కాక్లియా వైపు నడుస్తున్నామనుకోండి. చెవి తమ్మె, లేదా చెవి వెనక మాస్టాయిడ్ ఎముక. తర్వాత చెవి కాలువ. తర్వాత కర్ణభేరి. దాన్ని దాటి మధ్య చెవిలోకి వెళ్తే ఎదురుగా గోడ మీద ఒక ఉబ్బు కనిపిస్తుంది. దాన్ని ప్రామంటరీ అంటాం. కాక్లియా మొదటి చుట్టే లోపలి నుంచి అలా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. గోడలకు చెవులుంటాయంటారు. మనం చేసేది చెవి గోడకు చెవి ఆనించడం.

కర్ణభేరి కింది భాగంలో, కాస్త వెనక వైపుగా సూదిని గుచ్చి, ఆ ప్రామంటరీకి ఆనిస్తారు. మనుషుల్లో ఈ పద్ధతి 1967 ప్రాంతంలో ఫ్రాన్సులో పోర్ట్‌మన్, అరాన్ బృందం చేతుల్లో నిలదొక్కుకుంది. ఆరోగ్యంగా ఉన్న చెవికి పెద్ద క్లిక్ ఇస్తే ఏపీ 10 మైక్రోవోల్టుల చుట్టుపక్కల వస్తుంది. కొందరిలో ఇంకా ఎక్కువే. అదే స్పందన కర్ణభేరి మీద పెడితే ఒక మైక్రోవోల్టు అటూ ఇటూ. కాలువలో బంగారు రేకు చుట్టిన ఫోమ్ ప్లగ్గుతో తీస్తే అందులో సగమో పావో. తమ్మె దగ్గరకు వచ్చేసరికి 0.1, 0.2 మైక్రోవోల్టులు.

సూదికీ కర్ణభేరికీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. మధ్యలో గాలి ఉందని మర్చిపోకండి, గాలి కరెంటును మోయదు. అందుకే కర్ణభేరి దాకా చేరేది ఎముక, కణజాలం చుట్టూ తిరిగి వచ్చినదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. అదే క్లిక్ మళ్లీ మళ్లీ ఇచ్చి, వచ్చిన గీతల సగటు తీస్తే సిగ్నల్ అలాగే ఉంటుంది, రొద మాత్రం ఎన్నిసార్లు తీశామో దాని వర్గమూలం చొప్పున తగ్గుతుంది. 100 సార్లు తీస్తే రొద పదో వంతు. 2000 సార్లు తీస్తే దాదాపు 45వ వంతు. దీన్ని తిరగేసి చూడండి. ఎలక్ట్రోడ్ దగ్గరకు జరగడం వల్ల సిగ్నల్ పది రెట్లు పెరిగితే, అదే స్పష్టతకు వందో వంతు క్లిక్‌లు చాలు. సెకనుకు 11 క్లిక్‌ల లెక్కన 2000 క్లిక్‌లకు మూడు నిమిషాలు. వందో వంతు అంటే 20 క్లిక్‌లు, రెండు సెకన్లు! చిన్న పిల్లాడికి మత్తు ఇచ్చి పడుకోబెట్టినప్పుడు, లేదా ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ ఎదురుచూస్తున్నప్పుడు, మూడు నిమిషాలకూ రెండు సెకన్లకూ తేడా ఎంతో నేను చెప్పక్కర్లేదు.

అయితే అందరికీ సూదే వేద్దామా? వేయలేం. డాక్టరు ఉండాలి, తిమ్మిరి మందు కావాలి, పిల్లలకైతే పూర్తి మత్తు కావాలి. అందుకే చాలామందిమి కర్ణభేరి దగ్గర ఆగుతాం. నాకు వ్యక్తిగతంగా అదే ఇష్టం. కొంచెం చెయ్యి తిరగాలి, అంతే.

అది ఎలా ఉంటుందో చెబుతాను. సన్నటి, వంగే తీగ. చివర మెత్తటి మొన, జెల్‌లో తడిపింది. ముందు ఓటోస్కోపుతో చెవి చూస్తాం, గులిమి ఉంటే తీయిస్తాం. పేషెంటును పక్కకు తిప్పి పడుకోబెడతాం. చెవి డొప్పను వెనక్కూ పైకీ లాగి, తీగను కాలువ అడుగు వెంట మెల్లగా జార్చుకుంటూ పోతాం. తెర మీద గీత మాత్రం పిచ్చి పట్టినట్టు ఊగుతూ ఉంటుంది, ఎందుకంటే కొన ఇంకా గాల్లో ఉంది. ఒక దగ్గర పేషెంటు "ఏదో తగిలింది" అంటాడు. కొందరు నొప్పి అనరు, నిండుగా ఉందంటారు. సరిగ్గా ఆ క్షణంలో తెర మీద గీత ఒక్కసారిగా సర్దుకుంటుంది. అల్లరి క్లాసులోకి హెడ్‌మాస్టరు వచ్చినట్టు. అప్పుడు చెయ్యి కదపకుండా ఇయర్‌ఫోను ఫోమ్‌ను నొక్కి పెట్టి తీగతోపాటు చెవిలో దూర్చాలి. ఫోమ్ ఉబ్బి తీగను పట్టుకుంటుంది. ఇక్కడ ఇంపీడెన్స్ 5 లోపు రాదు, ఎక్కువే ఉంటుంది, కంగారు పడొద్దు. మిగతా రెండు ఎలక్ట్రోడ్లను మాత్రం బాగా రుద్ది పెట్టండి.

ఒకసారి తల తిరుగుడుతో వచ్చిన ఒకావిడకు ఇలాగే పెట్టాను. మొదటి రికార్డింగు అద్భుతంగా వచ్చింది. రెండోది తీస్తే ఏపీ సగమైంది! నాకు టెన్షన్. చెవి అలసిపోయిందా? మెనియర్స్ జబ్బులో ఇంత త్వరగా మారుతుందా? బుర్రలో పెద్ద పెద్ద ఆలోచనలు వచ్చాయి. ఆవిడను అడిగితే, "ఏం లేదమ్మా, ఉమ్మి మింగాను" అంది. అంతే సంగతి. దవడ కదిలితే కాలువ గోడ కదులుతుంది, దాంతో కొన వెంట్రుకవాసి జరిగింది. మళ్లీ ఆనించాను, మొదటి ఎత్తు తిరిగొచ్చింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ రెండో రికార్డింగులో ఎస్పీ కూడా దాదాపు సగమైంది. రెండూ కాక్లియా వైపు నుంచి దాదాపు ఒకే దారిలో వస్తున్నాయి కాబట్టి కలిసే తగ్గాయి. ఎస్పీని ఏపీతో భాగించి ఆ నిష్పత్తిని చూడటం ఇందుకే అలవాటైంది. మెనియర్స్‌లో లోపలి చెవిలోని ఎండోలింఫ్ ద్రవం పెరిగి పొర ఉబ్బినప్పుడు ఎస్పీ పెరుగుతుంది, నిష్పత్తి పెరుగుతుంది. మొన కాస్త జరిగినా నిష్పత్తి కొంపలు ముంచదు.

కాస్త జరిగితే అన్నాను, చోటే మారిపోతే కాదు. కర్ణభేరి మీద తీస్తే చాలామంది వాడే హద్దు 0.4 దగ్గర ఉంటుంది. కాలువలో తీస్తే 0.5 దాకా మామూలుగా తీసుకుంటారు. సూదితో తీస్తే హద్దు ఇంకా కిందికి ఉంటుంది. ఒకసారి నా దగ్గరకు ఒక రిపోర్టు వచ్చింది. నిష్పత్తి 0.45, పక్కన ఎర్ర సిరాతో "ఎక్కువ" అని రాసి, కింద గీత గీసి ఉంది. ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారో ఎక్కడా లేదు. కర్ణభేరి అయితే అనుమానించాలి. కాలువ అయితే ఇంటికి పంపించాలి. ఆ పేషెంటు అప్పటికి కొన్ని నెలలుగా ఉప్పు మానేసి, మందులు మింగుతున్నాడు. మళ్లీ పరీక్ష చేసి చూసేదాకా నేను నోరు విప్పలేదు. ఏ ల్యాబు ఏ పద్ధతి వాడుతుందో ఆ పద్ధతితో మామూలు చెవుల్లో తీసి, తన హద్దు తానే కట్టుకోవాలి. పక్కవాళ్ల కొలబద్దతో మన గుడ్డ కొలవకూడదు.

ఇప్పుడు నా పరువు తీసుకునే కథ. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక చెవిలో హోరు అని వచ్చిన పేషెంటుకు బెరా చేస్తున్నాను, ఒకే చానెల్. కుడి చెవికి క్లిక్. మొదటి అల లేదు. మళ్లీ తీశాను, లేదు. మూడో అల చిన్నగా ఉంది. మూడు పేరాల రిపోర్టు రాసేశాను. నరం గురించి, ఇంకా ముందు పరీక్షలు చేయించాలనీ. మా సీనియర్ మేడమ్ కాగితం పది సెకన్లు చూసి, "నాలుగు, ఐదు అలలు ఎప్పుడైనా ఇంత విడివిడిగా చూశావా అమ్మా?" అని అడిగారు. లేదన్నాను. "వెళ్లి వైర్లు చూసిరా" అన్నారు. కుడి ఎలక్ట్రోడ్ వైరు ఎడమ సాకెట్లో ఉంది. శబ్దం కుడి చెవికి ఇస్తూ, ఎడమ చెవి దగ్గర నిలబడి వింటున్నాను.

అవతలి చెవి వైపు నుంచి తీస్తే మొదటి అల దాదాపు మాయమవుతుంది. అది శబ్దం అందుకున్న చెవికే పరిమితమైన స్పందన. మూడోది తగ్గుతుంది. నాలుగు, ఐదు మామూలుగా ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ఉంటాయి, అవి విడిపోతాయి. ఇంత స్పష్టమైన సంతకం పెట్టి మరీ చెబుతుంటే నేను రోగం వెతుక్కున్నాను. అప్పటి నుంచి మొదటి అల కనిపించకపోతే ముందు వైరు చూస్తాను, తర్వాతే చెవి. ఆ మాటకొస్తే రెండు చానెళ్లూ ఎప్పుడూ ఆన్ చేసి ఉంచండి. అవతలి వైపు గీతను చూస్తే నాలుగు, ఐదు గుర్తుపట్టడం కూడా తేలికవుతుంది. పసిపిల్లల్లో ఎముక ద్వారా శబ్దం ఇచ్చినప్పుడు ఏ చెవి పలికిందో తేల్చుకోవడానికి కూడా రెండు వైపుల తేడానే ఆసరా.

పసిపిల్లలంటే గుర్తొచ్చింది. వాళ్ల మాడు మెత్తగా ఉంటుంది, అక్కడ రుద్దడం నాకు ఇష్టముండదు. జుట్టు మొదలయ్యే దగ్గర, నుదుటి పైభాగాన పెట్టండి. కనుబొమల దాకా దించొద్దు. కిందికి వచ్చేకొద్దీ ఐదో అల తగ్గుతుంది.

చెవి వెనక గురించి రెండు మాటలు. అక్కడ ఒక చిన్న కండరం ఉంది. చెవులు ఆడించగలిగేవాళ్లు దాన్నే వాడతారు. పెద్ద శబ్దానికి అది కూడా స్పందిస్తుంది, దాదాపు 12 నుంచి 15 మిల్లీసెకన్ల దగ్గర. ఎలక్ట్రోడ్ సరిగ్గా దాని మీద పెడితే చెవి స్పందన కంటే ఎన్నో రెట్లు పెద్ద కొండ లేస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి సంబరపడతారు. తమ్మె మీదకు మారిస్తే ఆ బాధ తగ్గుతుంది, మొదటి అల కూడా కాస్త పెరుగుతుంది. ఎముక ద్వారా శబ్దం ఇచ్చే వైబ్రేటర్ మాస్టాయిడ్ మీదే కూర్చుంటుంది కాబట్టి అప్పుడు కూడా తమ్మెకే నా ఓటు.

ఎలక్ట్రోడ్ చోటు అంటే కొన ఒక్కటే అనుకోకండి, తీగ కూడా. ఎలక్ట్రోడ్ తీగ ఇయర్‌ఫోను డబ్బా మీదుగా పోయిందంటే, క్లిక్‌ను పుట్టించే కరెంటు అందులోకి దూకుతుంది. అది అచ్చం కాక్లియర్ మైక్రోఫోనిక్ లాగే ఉంటుంది. క్లిక్ ధ్రువం తిప్పితే అదీ తిరుగుతుంది. ఇక్కడ ప్రమాదం ఏమిటంటే, ఆడిటరీ న్యూరోపతి, అంటే రోమకణాలు పనిచేసినా నరం సరిగ్గా స్పందించని జబ్బు, ఉన్న పిల్లల్లో మైక్రోఫోనిక్ ఉంటుంది, బెరా అలలు ఉండవు. ఆ నిర్ధారణ అంతా ఆ గీత నిజమా అబద్ధమా అన్నదాని మీద నిలబడి ఉంటుంది. చేయాల్సింది చాలా తేలిక. ఇయర్‌ఫోను రబ్బరు గొట్టాన్ని క్లిప్పుతో నొక్కి పట్టండి. కరెంటు పోతూనే ఉంటుంది, శబ్దం మాత్రం చెవికి చేరదు. గీత పోతే అది చెవిదే. పోకపోతే తీగలది. ఆ గొట్టం వల్ల శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది కూడా. క్లిక్‌తోపాటే సున్నా దగ్గర మొదలయ్యే మైక్రోఫోనిక్‌ను చూస్తే అనుమానించండి.

చివరగా లోపలికి, కాక్లియాలోకే వెళ్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

సూది ప్రామంటరీ మీద ఉంది, ఇంతకంటే దగ్గరేముంటుంది అనుకుంటాం. కానీ కాక్లియా సాగదీస్తే దాదాపు 35 మిల్లీమీటర్ల పొడవు. మన సూది మొదటి చుట్టు పక్కన ఉంది. సన్నటి హెచ్చు స్వరాలు అక్కడే పలుకుతాయి. బొంగురు స్వరాలు పైన కొసన ఎక్కడో పలుకుతాయి. 500 హెర్ట్జ్ స్వరానికి చోటు మొదలు నుంచి దాదాపు 25 మిల్లీమీటర్ల లోపల. అయినా 500 హెర్ట్జ్ వినిపిస్తే మన సూది మైక్రోఫోనిక్ పడుతుంది. ఎక్కడి నుంచి? చాలావరకు దగ్గరున్న మొదటి చుట్టు కణాల నుంచే, ఎందుకంటే ఆ అల వాటిని ఊపుకుంటూనే పైకి వెళ్తుంది. కొసన ఉన్న కణాలు గట్టిగానే స్పందిస్తాయి, కానీ అవి దూరం. పైగా అల ప్రయాణిస్తోంది కాబట్టి పక్కపక్క కణాలు ఒకేసారి ఊగవు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి మొదటి చుట్టు దెబ్బతిన్న మనిషికి, కొసన కణాలు నిక్షేపంగా ఉన్నా, మన సూదికి మైక్రోఫోనిక్ చిన్నదిగానే కనిపించవచ్చు. సూది అబద్ధం చెప్పలేదు. తన వీధి సంగతి చెప్పింది.

1952లో తసాకి, డేవిస్, లెగ్విక్స్ గినీ పిగ్ కాక్లియాలో వేర్వేరు చుట్ల దగ్గర, పొర పైనొకటి కిందొకటి జతలుగా ఎలక్ట్రోడ్లు పెట్టారు. ఏ జత దగ్గరి కణాల సంగతి ఆ జతకే వినిపించేలా తీసివేత చేశారు. తక్కువ స్వరాలు అన్ని చుట్లలోనూ కనిపించాయి, హెచ్చు స్వరాలు మొదటి చుట్టు దాటలేదు. అల ప్రయాణాన్ని కరెంటులో చూశారు. తీసివేత అనే ఆ పాత యుక్తినే ఎంత తెలివిగా వాడారో!

ఇప్పుడు అదే పని మనుషుల్లో జరుగుతోంది. వినికిడి బాగా తగ్గినవాళ్ల కాక్లియాలో పెట్టే ఎలక్ట్రోడ్ల పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్, వేసేటప్పుడు ఇంప్లాంట్ కొసన ఉన్న ఎలక్ట్రోడ్‌తోనే మైక్రోఫోనిక్ వింటూ లోపలికి నెడతారు. తరచుగా 500 హెర్ట్జ్ స్వరం వినిపిస్తూ ఉంటారు. కొస లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ పెరుగుతుంది. హఠాత్తుగా పడిపోతే సర్జన్ చెయ్యి ఆగుతుంది, పొరకేమైనా తగిలిందేమో, మిగిలిన వినికిడి పోతుందేమో అని. కానీ ఎలక్ట్రోడ్ కదులుతోంది కదా! ఆ స్వరం పలికే చోటు దాటి ముందుకు వెళ్లినా సిగ్నల్ తగ్గుతుంది. దెబ్బ తగిలి తగ్గిందా, చోటు మారి తగ్గిందా? ఎత్తు ఒక్కటే చూస్తే చెప్పలేం. అల దశ ఎలా మారిందో కూడా చూసి, ఎలక్ట్రోడ్ ఎంత లోపలికి వెళ్లిందో లెక్కలోకి తీసుకుని తేల్చుకోవాల్సి వస్తుంది. 1930 నాటి పిల్లి ప్రశ్నే ఇది, ఆపరేషన్ థియేటర్లో.

ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: మేడమ్, కొత్తగా ఈకాగ్ మొదలుపెట్టేవాళ్లు కాలువ ఎలక్ట్రోడ్‌తో మొదలుపెట్టాలా, కర్ణభేరితోనా?]

కాలువతో పెట్టడం తేలిక, చదవడం కష్టం. కర్ణభేరితో పెట్టడం కష్టం, చదవడం తేలిక. మొదటి వారం చేతులు వణుకుతాయి, తర్వాత అలవాటైపోతుంది. మొదట ఒకరి చెవిలో ఒకరు పెట్టుకోండి. తనకు పెట్టించుకోనివాడు పేషెంటుకు మెత్తగా పెట్టలేడు.

[ప్రశ్న: ధ్రువం గురించి. కొన్ని రికార్డింగుల్లో ఎన్1 పైకి ఉంటుంది, కొన్నింటిలో కిందికి. ఏది సరి?]

రెండూ సరే. చెవి ఎలక్ట్రోడ్‌ను ఏ ద్వారంలో పెట్టారన్నదే తేడా. రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే గీత తలకిందులవుతుంది, చెవికేమీ కాదు. బెరా అలవాటున్న వాళ్లు పైకి చూపిస్తారు, సూది వాడే పాతవాళ్లు కిందికి. ఏదో ఒకటి పట్టుకుని దాని మీదే ఉండండి.

[ప్రశ్న: మీరు వైరు తిప్పి పెట్టిన ఆ రికార్డింగు ఇంకా ఉందా మేడమ్?]

ఉంది. పేరూ వివరాలూ తీసేసి దాచుకున్నాను. ఏటా ప్రాక్టికల్ పరీక్షలో ఇస్తాను, "ఈ పేషెంటుకు ఏమైంది?" అని. ఏటా సగం మంది నరానికి ఏదో ఒక రోగం అంటగడతారు. మీరు మాత్రం ఇప్పుడు తప్పించుకున్నారు, ఈసారి ఇంకోటి వెతకాలి. (నవ్వులు, చప్పట్లు)